చినవాల్తేరు రిపోర్టుల్లో లేని కాలమ్

మా అనకాపల్లిలో చిన్నప్పుడు ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఈడ్ని చినవాల్తేరు బస్సెక్కించండ్రా" అనేవాళ్ళం. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆ బస్సు ఎర్రగడ్డకి పోతుందని :) ఊరు మారింది గానీ జోకు మారలేదు. నేనూ వేశాను ఆ జోకు, చాలాసార్లు. ప్రొడక్షన్లో బగ్గు పెట్టి నవ్వుతూ కూర్చున్న మా టీమ్ కుర్రాడి మీద కూడా వేశాను.

2021లో ఆ బస్సు నేనే ఎక్కాను. నిజానికి బస్సు కాదు, నాన్న స్నేహితుడి కారు. వెళ్ళింది చినవాల్తేరు కూడా కాదు, విశాఖలో ఒక ప్రైవేటు క్లినిక్కి. గుమ్మం దగ్గర పక్కింటావిడ ఎక్కడికని అడిగితే అమ్మ "కళ్ళ డాక్టరు దగ్గరికండీ, రోజంతా కంప్యూటరే కదా" అంది. అబద్ధం అంత సులువుగా వచ్చేసింది అమ్మకి. పాపం, ముందు రోజంతా ప్రాక్టీసు చేసుండాలి.

నా గోల చెప్పుకోడానికి కాదు ఈ టపా. ఆ తర్వాత నెలల్లో నాకొక ప్రశ్న పట్టుకుంది. మందు వేసుకుంటే జబ్బు పోతుంది సరే, జబ్బుతో పాటు నేనూ పోతే? దానికి జవాబు వెతుక్కుంటూ పాత కాగితాల్లో పడ్డాను. అందులో దొరికింది మీతో పంచుకోవాలనిపించింది. అయితే ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి, నా కథ ఓ రెండు ముక్కల్లో...

కరోనా రెండో వేవ్ టైములో ఇంటి నుంచే పని. పగలు మీటింగులు, రాత్రి క్లయింటు కాల్సు, మధ్యలో ఎవరో ఒకరు పోయారని ఫోన్లు. నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత, ఇది చెప్పడం కష్టం, దేని మీదా ఏమీ అనిపించడం మానేసింది. అమ్మ "ఏటైందిరా నాన్నా, రాత్రంతా లైటేసుకునే ఉంటున్నావు" అని అడిగేది. గవరపాలెం నూకాలమ్మ గుడికి తీసుకెళ్ళింది, చేతికి తాడు కట్టించింది. నాకు నమ్మకం లేదు, అయినా కట్టించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నెలంతటిలో నన్ను "నీకెలా ఉంది" అని అడిగింది అమ్మ ఒక్కత్తే.

క్లినిక్కులో డాక్టరు గారు నన్ను అడగలేదు. నా పక్కన కూర్చున్న నాన్నని అడిగారు. "మీవాడు నిద్రపోతున్నాడా? కోపమొస్తోందా? తింటున్నాడా?" నాన్న తనకి తెలిసినంతలో చెప్పాడు. పది నిమిషాల్లో చీటీ చేతికొచ్చింది. నేనక్కడ ఇరవై ఆరేళ్ళ ఇంజనీర్ని, నెలకి ఇంటి ఈఎంఐ కడుతున్నవాణ్ణి. నా గురించి ప్రశ్నలన్నీ నా తల మీదుగా వెళ్ళిపోయాయి. ఆయన చెడ్డ డాక్టరని అనడం లేదు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు.

మందు పని చేసింది. నిద్రొచ్చింది, ఏడుపు ఆగింది. కానీ నవ్వు కూడా ఆగింది. బ్రహ్మానందం సీను వస్తుంటే అది నవ్వాల్సిన చోటని తెలిసేది, నవ్వొచ్చేది కాదు. ఇంట్లోవాళ్ళు "మనిషి కుదుటపడ్డాడు" అన్నారు. నాకేమో నన్ను మ్యూట్లో పెట్టినట్టుండేది. ఎవరికీ చెప్పకుండా ఒకరోజు మాత్రలు ఆపేశాను. మూడు వారాల్లో మొదటికన్నా అడుగుకి పోయాను. (దయచేసి ఎవరూ ఈ పని చెయ్యకండి. మందు మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరుతో మాట్లాడే చెయ్యాలి. తెలివైనవాణ్ణనుకుని చేసిన వెధవ పని అది.)

సరే, అసలు విషయానికొద్దాం.

నిద్రపట్టని ఒక రాత్రి, మా జోకులోని చినవాల్తేరు ఆసుపత్రి ఎప్పటిదా అని వెతికాను. వెతుకుతూ వెతుకుతూ స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వాళ్ళు స్కాన్ చేసి పెట్టిన బ్రిటిష్ ఇండియా వైద్య రిపోర్టుల్లో పడ్డాను. 1870ల నాటికే మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు ల్యునాటిక్ అసైలంలు ఉన్నాయి. ఒకటి మద్రాసులో, ఒకటి కాలికట్లో, మూడోది మన విజగపట్నంలో. మూడింటికీ కలిపి ఏటేటా ఒక రిపోర్టు అచ్చయ్యేది. అనకాపల్లి అప్పుడు విజగపట్నం జిల్లాలోనిదే. అంటే నా లాంటివాడు 150 ఏళ్ళ క్రితం మా ఊళ్ళో ఉండుంటే, ఆ రిపోర్టుల్లో ఒక అంకె అయ్యుండేవాడన్నమాట.

డేటాబేసులతో బతికేవాణ్ణి కదా, టేబుల్ కనపడితే ముందు కాలమ్స్ చూస్తాను. ఆ రిపోర్టుల్లో టేబుల్స్ కి కొదవ లేదు. ఏడాదిలో ఎంతమంది చేరారు, ఎంతమంది నయమై వెళ్ళారు, ఎంతమంది పోయారు. ఆడా, మగా. వయసు. మతం, కులం. చేరకముందు చేసిన పని. పిచ్చి రకం: మేనియా, మెలంకోలియా, డిమెన్షియా, ఇడియసీ. పిచ్చికి కారణం. తోటపని, చేతిపనుల మీద వచ్చిన ఆదాయం కూడా.

కుదురుగా, చక్కగా ఉంటాయి టేబుల్స్. ఈ రోజుల్లో మనం చేసే కొన్ని డాష్‌బోర్డులకన్నా నయం. అయితే ఎన్ని పేజీలు తిప్పినా ఒక కాలమ్ మాత్రం కనపడలేదు. "తన గురించి తను ఏమన్నాడు" అన్న కాలమ్.

అప్పటి పద్ధతి చూస్తే ఎందుకు లేదో అర్థమవుతుంది. 1858లో, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఆ ఏడే, అసైలంల కోసం 36వ నంబరు చట్టం చేశారు. దాని ప్రకారం ఊళ్ళో తిరుగుతున్నవాణ్ణో, ప్రమాదకరంగా ఉన్నాడనిపించినవాణ్ణో పోలీసు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఒక వైద్యాధికారి సర్టిఫికెట్ ఇస్తాడు. మేజిస్ట్రేటు ఆర్డరు వేస్తాడు. మనిషితో పాటు అతని వివరాల కాగితం ఒకటి అసైలంకి వెళ్తుంది. పేరు, ఊరు, జబ్బుకి కారణం అన్నీ అందులో ఉంటాయి. మనిషి గొంతు అసైలం గేటు దాటకముందే అతని కథ ఇంకొకరి దస్తూరీలో తయారైపోయేది.

ఆ కాగితం ఎంత నమ్మదగ్గదో బ్రిటిష్ ప్రభుత్వమే ఒకసారి తేల్చుకోవాల్సి వచ్చింది. నన్ను కుర్చీలోంచి లేపిన భాగం ఇదే. మన దేశంలో గంజాయి వల్ల జనానికి పిచ్చెక్కుతోందని అప్పట్లో లండన్ పార్లమెంటు దాకా గోల. దానికి సాక్ష్యం ఏమిటంటే, అసైలం రిపోర్టుల్లోని ఆ "కారణం" కాలమే. 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. కమిషన్ వాళ్ళు తెలివైనవాళ్ళు, టేబుల్ చూసి సంతకం పెట్టి ఊరుకోలేదు. 1892లో దేశంలో అసైలంలలో చేరినవాళ్ళ కేసులు తీసి, ఆ ఎంట్రీ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళారు. మన భాషలో రూట్ కాజ్ అనాలిసిస్.

తేలిందేమిటి? కారణం గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి పోలీసు "గంజాయి తాగుతాడా?" అని ఎవర్నో అడుగుతాడు. తాగుతాడంటే, అదే కారణమని రాసేస్తాడు. అసైలంలో గుమాస్తా దాన్ని రిజిస్టర్లోకి ఎక్కిస్తాడు. సూపరింటెండెంటు దాన్ని టేబుల్లోకి ఎక్కిస్తాడు. టేబుల్ పార్లమెంటుకి పోతుంది. మనిషిని ఎరిగున్నవాళ్ళ దగ్గర మళ్ళీ విచారిస్తే, గంజాయి ఖాతాలో వేసిన కేసుల్లో సగం కూడా నిలబడలేదు. కొంతమందికి జబ్బే ముందొచ్చింది, గంజాయి తర్వాత. 1894లో వచ్చిన కమిషన్ రిపోర్టు ఈ లెక్కల్ని నమ్మడానికి లేదని తేల్చేసింది.

మ్యాండేటరీ ఫీల్డు పెడితే యూజరు ఏదో ఒకటి కొట్టి సబ్మిట్ చేస్తాడని మనందరికీ తెలిసిందే. ఇక్కడ తేడా ఏమిటంటే, ఆ ఫీల్డు మనిషి మీద జీవితాంతం ఉండిపోయే ముద్ర. వాడు లోపల ఉన్నన్నాళ్ళూ, డాక్టరు వాడి గురించి మొదట చదివేది అదే.

మా తాతయ్య బెల్లం మార్కెట్లో గుమాస్తాగా చేశాడు. "చిట్టాలో రాయంది ఆవర్జాలోకి రాదురా" అనేవాడు. ఆ రోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో పడితేనే తర్వాత ఏ ఖాతాలోకైనా వెళ్ళేది. చిట్టాలో తప్పు పడితే ఆవర్జా ఎంత అందంగా రాసినా తప్పే. ఆ అసైలంల ఆవర్జాలు చాలా అందంగా ఉన్నాయి. చిట్టా మాత్రం పోలీసు రాశాడు.

1912లో ఇండియన్ ల్యునసీ యాక్ట్ వచ్చింది. ఇంట్లోవాళ్ళు పిటిషన్ పెట్టాలి, ఇద్దరు డాక్టర్లు సర్టిఫికెట్లివ్వాలి, మేజిస్ట్రేటు ఆర్డరివ్వాలి. తనంతట తను వచ్చి చేరే వీలు కూడా అందులో పెట్టారు. 1920లలో "అసైలం" అన్న బోర్డు పోయి "మెంటల్ హాస్పిటల్" అన్న బోర్డు వచ్చింది. హైదరాబాదు రాష్ట్రం ఆసుపత్రి జాల్నాలో ఉండేది, 1953లో ఎర్రగడ్డకి మారింది. బోర్డులు మారాయి, చిరునామాలు మారాయి. 1912 చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా నలభై ఏళ్ళకి పైగా నడిచింది. 1987లో చేసిన కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 1993లో. అంటే మనలో చాలామంది పుట్టడానికి కొంచెం ముందువరకూ మన దేశంలో మతి తప్పిన మనిషికి చట్టంలో పేరు "ల్యునాటిక్".

ఇంతకాలం లోపలున్నవాళ్ళెవరూ నోరెత్తలేదా అంటే, ఎత్తారు. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అని యేల్ యూనివర్సిటీలో చదివినవాడు, 1900 నుంచి 1903 దాకా కనెటికట్ రాష్ట్రంలో మూడు ఆసుపత్రుల్లో ఉన్నాడు. బయటికొచ్చి 1908లో తన అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. తనకి జబ్బు లేదని అందులో అనలేదు. జబ్బుంది, భ్రమలున్నాయి, అవేమిటో ఇవీ అని రాశాడు. దాంతో పాటే, నన్ను కొట్టారు, కట్టేశారు, అది భ్రమ కాదు అనీ రాశాడు. రెండూ ఒకే మనిషి నోట, ఒకే పుస్తకంలో. అమెరికాలో మానసిక ఆరోగ్య ఉద్యమానికి అక్కడే బీజం పడింది. టేబుల్లో లేని కాలమ్ ని ఒక రోగి తనే నింపేశాడు.

మన దేశంలో ఆ మార్పు ఇంకో దారిలో వచ్చింది, అది నాకు ఇంకా నచ్చింది. 1950లలో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ విద్యాసాగర్ అని సూపరింటెండెంటు ఉండేవారు. ఆసుపత్రి కిక్కిరిసిపోయి ఉండేది. ఆయన ఆవరణలో టెంట్లు వేయించి, రోగుల ఇంట్లోవాళ్ళని పిలిచి అక్కడే ఉండమన్నారు. అంతకుముందు ఇంట్లోవాళ్ళ పని గేటు దగ్గర దింపేసి పోవడమే. 1957లో మొదలైన రాయవేలూరు సిఎంసి మెంటల్ హెల్త్ సెంటర్ కూడా ఇదే పద్ధతి పట్టింది, రోగితో పాటు ఇంట్లోవాళ్ళు ఉండి తీరాలి.

దీనికీ "నేను"కీ సంబంధం ఏమిటంటారా? ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్నవాడు కేసు నంబరు. పక్కన అమ్మ ఉంటే, "మావాడు పప్పులో ఉప్పెక్కువైతే ఊరుకోడండీ, ఈ మధ్య ఏం పెట్టినా తినేస్తున్నాడు, అదే నాకు బెంగగా ఉంది" అని చెప్పడానికి ఒకరున్నట్టు. జబ్బుకి ముందు ఆ మనిషి ఎలా ఉండేవాడో తెలిసినవాళ్ళు పక్కనుంటే, డాక్టరుకి కూడా పోల్చుకోడానికి ఒక బేస్‌లైన్ ఉంటుంది. అది లేకపోతే, కదలకుండా కూర్చున్న ప్రతివాడూ నయమైనవాడిలాగే కనిపిస్తాడు.

ఇప్పుడు మాత్రల సంగతి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం గురించి రాశాడు. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్ వాడి చూశారు. మన సర్పగంధి వేరు గురించి 1931లోనే కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. దాన్నుంచి 1952లో స్విట్జర్లాండులో రిసర్పిన్ తీశారు. వీటి వల్ల సంకెళ్ళు తగ్గాయి, లక్షలమంది ఇళ్ళకి వెళ్ళారు. మందుల్ని తిట్టే రకాన్ని కాదు నేను, ఒకదాని మీదే నిలబడి ఇది రాస్తున్నాను. కానీ తొలి రోజుల్లో మందు పనిచేసిందనడానికి పెద్ద గుర్తు, వార్డు నిశ్శబ్దంగా ఉండటం. వార్డు నిశ్శబ్దమైతే వార్డుకి నయమైనట్టు. మనిషికి నయమైందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నని లోపల్నుంచి అడిగిన మనిషి కే రెడ్‌ఫీల్డ్ జామిసన్. ఆవిడ స్వయంగా సైకాలజిస్టు, మానసిక జబ్బుల మీద పాఠ్యపుస్తకం రాసినావిడ, బైపోలార్ జబ్బు ఉన్నావిడ. 1995లో తన కథ రాసింది. లిథియం తనని బతికించిందని చెప్తూనే, ఎక్కువ మోతాదులో వాడిన ఏళ్ళలో పుస్తకం చదవడమే కష్టమైపోయిందని చెప్పింది. చదువే లోకమైన మనిషికి అది! మాత్రలు మానేసి చూసింది, దెబ్బతింది. చివరికి మోతాదు తగ్గించాక చదువు తిరిగొచ్చింది. ఆవిడ పుస్తకం చదివాక నా మ్యూట్ బటన్ కి ఒక అర్థం దొరికింది. మందు మానేయడం, నోరు మూసుకుని మింగడం కాక మూడో దారి ఒకటుందన్నమాట. ఏం పోయిందో చెప్పడం, చెప్పింది వినే డాక్టరుని పట్టుకోవడం.

కానీ చెప్తే వింటారా? ఇక్కడ మా జిల్లా సంగతే ఒకటి చెప్పాలి.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన డాక్టర్ సుధాకర్ మీకు గుర్తుండే ఉంటారు. (నర్సీపట్నం అప్పుడు విశాఖ జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి మా అనకాపల్లి జిల్లా.) 2020 ఏప్రిల్‌లో డాక్టర్లకి సరిపడా మాస్కులు లేవని ఆయన మీడియా ముందు చెప్పారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన వీడియో దేశమంతా చూసింది. కేజీహెచ్‌కి తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి మానసిక ఆసుపత్రికి. మా జోకులోని చినవాల్తేరుకి. హైకోర్టు సిబిఐ విచారణకి ఆదేశించింది. తనకి ఇస్తున్న మందుల మీద అభ్యంతరం చెప్తూ ఆయన లోపల్నుంచి సూపరింటెండెంటుకి రాసిన లేఖ అప్పట్లో వార్తల్లో వచ్చింది. హైకోర్టు జోక్యంతో జూన్‌లో బయటికొచ్చారు. ఏడాది తిరక్కుండానే, 2021 మే 21న, గుండెపోటుతో పోయారు.

రాజకీయం ఇక్కడ వద్దు, ఎవరి పార్టీ వాళ్ళకుంది. ఆయనకి జబ్బుందా లేదా అన్నది తేల్చడానికి నేను డాక్టర్ని కాను. నేను చెప్పేది ఒక్కటే. ఆ వీడియో వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో చర్చంతా "పిచ్చోడా, కాదా" అన్నదాని మీదే నడిచింది. కాదన్నవాళ్ళు ఆయన మాట నమ్మాలన్నారు, ఔనన్నవాళ్ళు నమ్మక్కర్లేదన్నారు. రెండు పక్షాలూ ఒక విషయంలో ఒకటే: జబ్బుంటే మనిషి మాటకి విలువ లేదు. అక్కడే నాకు మండింది. జబ్బున్నా కూడా, మాస్కులు ఉన్నాయా లేవా అన్నది స్టోర్ రూము తలుపు తీసి చూసుకునే విషయం. జ్వరమొచ్చినవాడు వాన పడుతోందంటే కిటికీలోంచి చూస్తాం, జ్వరం కొలవం కదా!

మత్తు డాక్టరాయన. చేతిలో పెట్టిన మాత్ర ఏమిటో, ఏం చేస్తుందో తెలిసినవాడు. ఆయన మాటకే ఇంత కష్టమైతే, పోలీసు రాసిన కాగితంతో విజగపట్నం అసైలంకి వెళ్ళిన 1877 నాటి కూలీ మాట ఎవడు వినుంటాడు?

ఇప్పుడు కాస్త మంచి వార్త. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017. అమల్లోకి వచ్చింది 2018లో. అంతకు ముందు 2007లో మన దేశం ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది, దానికి తగ్గట్టు చట్టం మార్చక తప్పలేదు. నేను ఈ చట్టాన్ని ఒక ఆదివారం కూర్చుని మొత్తం చదివాను (చేంజ్ లాగ్ చదివినట్టు). 1858 నుంచి లేని కాలమ్ ఇందులో మొదటిసారి కనపడింది.

సెక్షన్ 3 ప్రకారం రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాని బట్టో, చుట్టూ ఉన్నవాళ్ళ నమ్మకాలతోనో పనిచేసే చోటి విలువలతోనో పొసగలేదనో ఒకరికి మానసిక జబ్బుందని తేల్చకూడదు. ఎప్పుడో ట్రీట్‌మెంట్ తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ జబ్బుందనకూడదు. సెక్షన్ 5 ప్రకారం, మనం బాగున్నప్పుడే ఒక కాగితం రాసి పెట్టుకోవచ్చు. రేపు నాకు మతి కుదురు తప్పితే ఇలా చూడండి, ఇలా చూడొద్దు, నా తరఫున మాట్లాడేది ఫలానా మనిషి అని. సెక్షన్ 25 ప్రకారం నా వైద్య రికార్డు అడిగి చూసుకునే హక్కు నాకుంది. గొలుసులతో కట్టడం నిషేధం. మత్తివ్వకుండా కరెంటు షాకు నిషేధం. మన ఐ.టి. జనానికి పనికొచ్చేది ఇంకోటి: ఒంటి జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బులకీ ఇన్సూరెన్సు ఇవ్వాలి. పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

ముందే రాసుకున్న ఆ కాగితానికి హద్దులున్నాయి. ఎమర్జెన్సీలో అది వర్తించదు. అది కుదరదనుకుంటే డాక్టరుగానీ ఇంట్లోవాళ్ళుగానీ రివ్యూ బోర్డుకి వెళ్ళి మార్పించవచ్చు. చట్టంలో ఉన్నదంతా మన ఊరి ఆసుపత్రి ఓపీలో ఉంటుందని భ్రమ కూడా నాకు లేదు. అయినా ఒకటి గమనించండి. బాగున్నప్పటి నేను, బాగులేనప్పటి నేను ఇద్దరూ ఒకే మనిషని, మొదటివాడి మాట రెండోవాడి దగ్గర చెల్లుతుందని మన చట్టం ఒప్పుకోడానికి ఇంచుమించు 160 ఏళ్ళు పట్టింది.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. మాత్రలు ఆపేసి అడుగుకి పోయానన్నాను కదా, అప్పుడు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ. నాన్న ఎప్పట్లాగే మొదలెట్టబోతే, "మీరు కాసేపు బయట కూర్చుంటారా అండీ, తర్వాత మీతో కూడా మాట్లాడతాను" అన్నారు. నాన్న వెళ్ళాక, నా వైపు తిరిగి, "ఏది తిరిగొస్తే మీరు మళ్ళీ మీరైనట్టు అనిపిస్తుంది?" అని అడిగారు.

ఏ ఇంటర్వ్యూలోనూ అంత తడబడలేదు నేను. చాలాసేపు ఆలోచించి మూడు చెప్పాను. కోడ్ రివ్యూలో ఎవడైనా అడ్డంగా వాదిస్తే ఒళ్ళు మండాలి. తెల్లారి మార్కెట్ వైపు వెళ్తే బెల్లం దిమ్మల వాసనకి తాతయ్య గుర్తు రావాలి. బ్రహ్మానందానికి నవ్వు రావాలి. ఆవిడ నవ్వలేదు. మూడూ చీటీ మీద రాసుకున్నారు, మందుల పేర్ల పైన. "నిద్ర వచ్చిందా అని అందరూ అడుగుతారు, నేను ఈ మూడూ కూడా అడుగుతాను" అన్నారు. మందు మార్చారు, మోతాదు రెండుసార్లు సర్దారు. కోపం మొదట వచ్చింది (మా టీమ్ లీడ్ సాక్షి). నవ్వుకి ఇంకో రెండు నెలలు పట్టింది. ఒక ఉదయం బండి మీద మార్కెట్ పక్కనుంచి వెళ్తుంటే కళ్ళు చెమర్చాయి, బండి ఆపి కాసేపు నిలబడ్డాను.

ఇప్పటికీ మందు వాడుతున్నాను. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను, తాతయ్య లెక్కన చిట్టా. రోజుకి రెండు లైన్లు. నిద్ర ఎన్ని గంటలు, ఏం అనిపించింది, ఏం అనిపించాల్సి ఉండి అనిపించలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అది తీసుకెళ్తాను. నన్ను మార్చేస్తుందని భయపడ్డ మందు నన్ను మార్చలేదు. నా మాట లేకుండా నా ఆవర్జా రాయడమే అప్పుడు నన్ను చెరిపేస్తున్నది. ఆ కాలమ్ నేను నింపుకుంటున్నంతకాలం మిగతా కాలమ్స్ ఎవరు నింపినా నాకు అభ్యంతరం లేదు.

పోయిన ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు పక్కింటావిడ "ఏం బాబూ, కళ్ళు బాగున్నాయా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. "కళ్ళు కాదు పిన్నిగారూ, డిప్రెషన్. విశాఖలో చూపించుకుంటున్నా, ఇప్పుడు బాగుంది" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఆ డాక్టరమ్మ నంబరు ఇస్తావా నాన్నా, మా చిన్నోడు కూడా రాత్రుళ్ళు లైటేసుకునే ఉంటున్నాడు" అంది.

నంబరు ఇచ్చాను. వాణ్ణి తీసుకెళ్ళినప్పుడు ముందు వాడినే మాట్లాడనివ్వమని కూడా చెప్పాను.